‘మై వాచ్ మిస్డ్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లిష్ కాంపోజిషన్‌లో ‘మై వాచ్ మిస్డ్’ అని రాస్తే టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. వాచీ మిస్ అయింది, బస్సు మిస్ అయింది అని రోజూ అంటాం కదా, అందులో తప్పేముంది? ‘ఐ మిస్ యూ’లో ఉన్నదీ ఈ మాటేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాటేనమ్మా. మీ అబ్బాయి తెలుగు వాక్యాన్నే ఇంగ్లిష్ మాటల్లో రాశాడు. తెలుగులో మిస్ అయ్యేది బస్సు. ఇంగ్లిష్‌లో మిస్ చేసేది మనిషి. బస్సు దాని దారిన అది పోయింది, అందుకోలేకపోయింది మనం. కాబట్టి ‘ఐ మిస్డ్ ద బస్’. వాచీ కనబడకపోతే ‘మై వాచ్ ఈజ్ మిస్సింగ్’ అనాలి. ‘మై వాచ్ మిస్డ్’ అంటే వాచీయే దేనికో గురిపెట్టి తప్పినట్టు ఉంటుంది.

అసలు ఈ క్రియకి పాత ఇంగ్లిష్ నాటి నుంచీ ఉన్న అర్థం గురి తప్పడమే. విసిరిన రాయి తగలకపోతే మిస్. ఫోన్ ఎత్తలేకపోయినా, ప్రశ్నపత్రం వెనకవైపు ప్రశ్న చూసుకోకపోయినా మిస్సే. అమ్మాయిల పేరు ముందు పెట్టే మిస్ మాత్రం వేరు, అది ‘మిస్ట్రెస్’ని కుదిస్తే వచ్చింది.

ఇక ‘ఐ మిస్ యూ’. ఏళ్ల తరబడి ఇంగ్లిష్ పాఠాలు చెప్పినా, ఈ వాడుక నాకు లోపలికి దిగింది మా నాన్న పోయాకే. చివరి రోజుల్లో చూపు ఆనక, పొద్దున్నే నాచేత పేపరు చదివించుకునేవారు. ఆయన పోయిన చాలా రోజుల వరకూ, హెడ్‌లైన్ పైకి చదివి కుర్చీ వైపు చూసేదాన్ని. చూపు వెళ్లేది, తగలాల్సిన మనిషి తగిలేవారు కాదు. రాయి గురి తప్పడం, ఇదీ ఒకటేనని అప్పుడు అర్థమైంది. అందుకే దీన్ని ‘గుర్తొస్తున్నావు’ అని తెలుగు చేస్తే నాకు తృప్తిగా ఉండదు. ఎవరెవరో గుర్తొస్తారు, అందరి మీదా బెంగ ఉండదు కదా. ‘నీమీద బెంగగా ఉంది’, ‘నువ్వు లేక వెలితిగా ఉంది’ అనండి.

మీ అబ్బాయికి ఇంకో రెండు సంగతులు చెప్పండి. ‘ఐ యామ్ మిస్సింగ్ యూ’లో ‘యూ’ వదిలేస్తే ‘నేను కనిపించకుండా పోయాను’ అని అర్థం వస్తుంది. హాస్టల్ నుంచి అలాంటి మెసేజ్ వస్తే ఇంట్లోవాళ్లకి ఎంత టెన్షన్! రెండోది, మిస్ తర్వాత ఇంకో క్రియ రావాలంటే ‘ఇంగ్’ చేర్చాలి, ‘టు’ పెట్టకూడదు. ‘ఐ మిస్ టు రీడ్’ తప్పు. ‘ఐ మిస్ రీడింగ్ టు హిమ్’ ఒప్పు.