ఫైలు పేరు ఇస్తే ఫీల్డులూ కీలూ ప్రోగ్రాంలోకి ఎలా తెచ్చుకోవాలి?

ఒకరు అడిగిన ప్రశ్న ఇది: ఐబీఎం ఏఎస్/400 కంప్యూటర్లో ఫైలు పేరు పారామీటర్‌గా వస్తుంది, అందులో ఏ ఫీల్డులున్నాయి, వాటి టైపూ పొడవూ ఎంత, కీలు (రికార్డులు ఏ క్రమంలో రావాలో నిర్ణయించే ఫీల్డులు) ఏవి అన్నది ఆర్‌పీజీ భాషలో రాసిన ప్రోగ్రాం తనే కనుక్కోవాలి. ఫీల్డుల జాబితా ఇచ్చే సిస్టం ప్రోగ్రాం, క్యూయూఎస్‌ఎల్‌ఎఫ్‌ఎల్‌డీ (QUSLFLD) ఏపీఐ, పిలిస్తే ఫీల్డులన్నీ వచ్చాయి గానీ కీల జాడ లేదన్నారు. ఉండదండి. ఆ ఏపీఐ చూసేది రికార్డు ఫార్మాట్‌ని, అంటే రికార్డులో ఫీల్డుల అమరికని. కీ ఉండేది యాక్సెస్ పాత్‌లో, అంటే రికార్డులను ఏ క్రమంలో చదవాలో చెప్పే దారిలో. డేటా ఉండే ఒకే ఫిజికల్ ఫైలు మీద, అదే ఫార్మాట్‌తో, ఆ డేటానే వేరే క్రమంలో చూపే పది లాజికల్ ఫైళ్లు పది రకాల కీలతో ఉండొచ్చు కదా. కాబట్టి రెండిటినీ రెండు చోట్ల అడగాల్సిందే.

తొందరగా పని కావాలంటే ఏపీఐలు పక్కన పెట్టి సిస్టం కమాండ్ల భాష సీఎల్‌లో రెండు కమాండ్లు రాయండి. ఫీల్డులకు డీఎస్‌పీఎఫ్‌ఎఫ్‌డీ (DSPFFD), కీలకు డీఎస్‌పీఎఫ్‌డీ (DSPFD). రెండిటి అవుట్‌ఫైళ్లూ (ఫలితాలు రాసే ఫైళ్లు) జాబ్ అయ్యాక పోయే తాత్కాలిక లైబ్రరీ క్యూటెంప్‌లో పెట్టుకోండి. రెండో కమాండ్‌లో టైపు స్టార్ ఏసీసీపీటీహెచ్ (*ACCPTH) అని ఇవ్వాలి. అప్పుడు కీ ఫీల్డుకో వరుస వస్తుంది. ఏపీకేఈవైఎఫ్ (APKEYF) అనే కాలంలో ఫీల్డు పేరు ఉంటుంది, ఏపీకేఎస్ఈక్యూ (APKSEQ)లో డీ అని ఉంటే ఆ కీ పెద్ద విలువ నుంచి చిన్నదానికి వస్తుందని అర్థం. ఏపీయూఎన్ఐక్యూ (APUNIQ) చూస్తే కీ యునీక్ (ఒకే విలువ రెండుసార్లు రానిది) అవునో కాదో తెలుస్తుంది. ఈ వరుసలను పేరు ప్రకారం సార్ట్ చేయకండి, వచ్చిన క్రమంలోనే చదవండి. కీల క్రమం పోతే ఆ జాబితా ఎందుకూ పనికిరాదు.

ఫీల్డుల అవుట్‌ఫైల్లో ఒక ఉచ్చు ఉంది. నేను అందులో పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీబీ (WHFLDB) అంటే బైట్లలో పొడవు. డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీడీ (WHFLDD) అంటే అంకెల సంఖ్య, డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీపీ (WHFLDP) అంటే దశాంశ స్థానాలు. రికార్డు మారినప్పుడు పాత విలువ, కొత్త విలువ దాచే ఆడిట్ ప్రోగ్రాంలను తయారుచేసే చిన్న టూల్ ఒకటి రాశాను. పొడవు ఎక్కడ కావాలన్నా బైట్ల ఫీల్డునే తీసుకున్నాను. క్యారెక్టర్ ఫీల్డులకు అది సరిగ్గానే కుదిరింది. కానీ 9 అంకెలు, 2 దశాంశాల ప్యాక్డ్ ఫీల్డు (ఒక్కో బైట్‌లో రెండు అంకెలు ఇమిడే సంఖ్య) డిస్క్ మీద 5 బైట్లే. నా టూల్ దాన్ని 5 అంకెలుగా రాసింది, అంటే 999.99 దాటితే పట్టదు. టెస్ట్ డేటాలో అన్నీ చిన్న మొత్తాలే, హాయిగా నడిచింది. నెలాఖరు రాత్రి మాత్రం జాబ్ ఆగిపోయి, లాగ్ నిండా ఎంసీహెచ్1210, అంటే విలువ పట్టేంత చోటు లేదన్న ఎర్రర్. ఆ టెన్షన్‌లో తప్పు ఆ నెల వచ్చిన డేటాలో ఉందనుకుని గంటసేపు అక్కడే వెతికాను. అప్పటి నుంచి ముందు టైపు చూస్తాను: సంఖ్య అయితే అంకెల ఫీల్డు, కాకపోతే బైట్ల ఫీల్డు.

ఎస్‌క్యూఎల్ అలవాటున్నవాళ్లకు క్యూసిస్2 (QSYS2) లైబ్రరీలోని సిస్‌కాలమ్స్ (SYSCOLUMNS) అనే పట్టిక ఇంకా తేలిక. డీడీఎస్‌తో, అంటే ఎస్‌క్యూఎల్ కాకుండా పాత పద్ధతి వర్ణన సోర్స్‌తో, చేసిన ఫైళ్ల ఫీల్డులు కూడా అందులో కనిపిస్తాయి. అదే ధైర్యంతో కీలకు సిస్‌కీస్ (SYSKEYS) వైపు వెళ్లకండి. అందులో ఉండేది ఎస్‌క్యూఎల్ ఇండెక్సుల కీలు మాత్రమే. ఒకసారి సిస్‌కీస్ ఖాళీగా వచ్చిందని "ఈ ఫైలుకు కీ లేదు" అని మీటింగ్‌లో ఘనంగా చెప్పేశాను. పక్కనున్నాయన మాట్లాడకుండా డీడీఎస్ సోర్స్ తెరిచి, కిందున్న మూడు కే లైన్లు (కీ ఫీల్డులను ప్రకటించే K లైన్లు) చూపించాడు. పాత ఫైళ్లకైతే డీఎస్‌పీఎఫ్‌డీనే నమ్ముతాను.

అవుట్‌ఫైళ్లు వద్దు, ప్రోగ్రాం రోజుకు వేలసార్లు నడుస్తుంది అంటే క్యూడీబీఆర్‌టీవీఎఫ్‌డీ (QDBRTVFD) ఏపీఐకి వెళ్లండి. అది సమాచారం ఇచ్చే రూపాల్లో ఎఫ్ఐఎల్‌డీ0200 (FILD0200) ఫార్మాట్ ఫీల్డులను, ఎఫ్ఐఎల్‌డీ0300 (FILD0300) కీలను ఇస్తాయి. ముందు 8 బైట్ల వేరియబుల్‌తో పిలవండి. రెండో 4 బైట్లలో మొత్తం ఎంత చోటు కావాలో చెబుతుంది, అంత కేటాయించి మళ్లీ పిలవండి. ఆఫ్‌సెట్లు (ఏ సమాచారం ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందో చెప్పే అంకెలు) పట్టుకుని తిరగడం విసుగే, నాకు మొదటిసారి రెండు రోజులు పట్టింది. మీ పాత కోడ్‌లో క్యూయూఎస్‌ఎల్‌ఎఫ్‌ఎల్‌డీ అలాగే ఉంచుకుంటే, ఒక్కో ఎంట్రీ సైజును అంకెగా రాసేయకుండా ఆ ఏపీఐ ఫలితాలు రాసే యూజర్ స్పేస్ హెడర్‌లో 136వ ఆఫ్‌సెట్ నుంచి చదవండి.

లైబ్రరీ పేరు కూడా పారామీటర్‌గా తీసుకోండి. స్టార్ లిబ్ల్ (*LIBL), అంటే సిస్టం వరుసగా వెతికే లైబ్రరీల జాబితా, మీద వదిలేస్తే టెస్ట్ లైబ్రరీలోని పాత కాపీ ముందు దొరకొచ్చు. ఆ ఫిజికల్ ఫైలు మీదున్న లాజికల్ ఫైళ్ల కీలు కూడా కావాలంటే డీఎస్‌పీడీబీఆర్ (DSPDBR) కమాండ్ అవుట్‌ఫైల్లో వాటి పేర్లు వస్తాయి, ఒక్కోదాని మీదా అదే డీఎస్‌పీఎఫ్‌డీ నడపండి.