కొమ్ము పురుగా, ముక్కు పురుగా?

సందేహం: కొబ్బరి మొవ్వును తొలిచే నల్లటి పెద్ద పురుగును కొందరు ‘కొమ్ము పురుగు’ అనీ, కొందరు ‘ముక్కు పురుగు’ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? కొమ్ము పశువులకు ఉండేది కనుక ‘ఖడ్గమృగ కీటకం’ అనడం మేలు కాదా? దాని మీసాలను కూడా కొమ్ములు అనవచ్చా?

సమాధానం: రెండూ ఒకటి కావు. మీరు వర్ణించిన నల్లటి పురుగు కొమ్ము పురుగే. దాన్ని ముక్కు పురుగు అనడం వేరొక పురుగు పేరును దీనికి తగిలించడమే అవుతుంది.

ముందుగా కొమ్ము సంగతి చూద్దాం. ఆ మాట పశువులకే చెల్లుతుందనడానికి తెలుగు వాడుక ఒప్పుకోదు. పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము, వస కొమ్ము ఇంటింటా వినిపించే మాటలు. ఏనుగు దంతాన్ని ఏనుగు కొమ్ము అన్నాం. అక్షరానికి చేర్చే ఉకారపు గుర్తు కూడా కొమ్మే. పొడుచుకొని వచ్చిన గట్టి భాగం ఏదైనా, అది దేనితో తయారైందని అడగకుండా, మన భాష దాన్ని కొమ్ము అనేసింది. ఆవు కొమ్ము లోపల ఎముక ఉంటుంది, ఖడ్గమృగం కొమ్ములో ఎముకే ఉండదు, ఈ పురుగు కొమ్ము దాని ఒంటిని కప్పిన పెంకు పైకి సాగి గట్టిపడినది. అయినా మూడింటికీ ఒకే మాట చెల్లుతుంది.

శాస్త్రనామం ‘ఆరిక్టీస్ రైనోసెరస్’. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పురుగుకు ‘రైనోసెరస్’ అనే జాతి పేరు పెట్టాడు. తరువాత చేరిన ‘ఆరిక్టీస్’ అనే ప్రజాతి పేరుకు గ్రీకులో తవ్వేది అని అర్థం. ‘ఖడ్గమృగ కీటకం’ ఈ పేరులో సగానికి మక్కికి మక్కి అనువాదం. వ్యాకరణం రీత్యా తప్పు లేదు కానీ, అన్వయంలో చిక్కు ఉంది. కుక్క గోమారి అంటే కుక్కను పట్టే గోమారి అని అర్థం చేసుకునే పాఠకుడు, ఖడ్గమృగ కీటకం అంటే ఖడ్గమృగాన్ని పట్టే కీటకం అనుకుంటే ఆ నేరం అతనిది కాదు. కొమ్ముగల పురుగు కొమ్ము పురుగు: ఇంతకంటే సూటి పేరు నాకు తోచడం లేదు.

ఇక ముక్కు పురుగు. కొబ్బరినే ఆశించే మరో పురుగుకు తల ముందు భాగం సన్నగా, పొడవుగా సాగి ముక్కులా ఉంటుంది. నోరు ఆ ముక్కు కొసన ఉంటుంది, మీసాలు ఆ ముక్కు నుంచే పుడతాయి. కొమ్ము పురుగుకు కొమ్ము తలపైన ఉంటుంది, నోరు తల కింది వైపున ఉంటుంది. కొమ్ముకు కొరికే పని లేదు. కాబట్టి ‘కొమ్ముతో తొలిచి మొవ్వును తింటుంది’ అనే వాక్యాన్ని ‘దవడలతో మొవ్వును కొరికి, రసం పీల్చి, పీచును బయటికి నెడుతుంది’ అని సవరించుకోవాలి. ఈ రెండు పేర్లూ కలిసిపోవడానికి కారణం బహుశా తోటలోనే ఉంది: కొమ్ము పురుగు చేసిన గాయాలలో ముక్కు పురుగు గుడ్లు పెడుతుంది గనుక రెండూ ఒకే చెట్టు మీద కనిపించడం సహజం.

ముక్కు పురుగు పూర్తి పేరు ‘ఎర్రముక్కు పురుగు’ అని అచ్చులో తరచు కనిపిస్తుంది. అలా రాస్తే ముక్కు మాత్రమే ఎర్రనిదనే అర్థం వస్తుంది. నిజానికి తుప్పు రంగు దాని ఒళ్లంతా ఉంటుంది. ‘ఎర్ర’ అనే విశేషణం ‘ముక్కుపురుగు’ అనే సమాసానికి చెందాలి కనుక ‘ఎర్ర ముక్కుపురుగు’ అని విడదీయడం ఉచితం. ఎడం ఎక్కడ ఇచ్చామన్నది చిన్న విషయమే అయినా, ఇక్కడ పురుగును గుర్తుపట్టే ఆనవాలే దానివల్ల మారిపోతున్నది.

‘పెంకు పురుగు’ అనే మాట రెండింటికీ వర్తిస్తుంది. ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారి, ఎగరడానికి పనికివచ్చే పలుచని వెనుక రెక్కలను కప్పే కీటకాలన్నీ పెంకు పురుగులే.

మీసాల ప్రశ్నకు మూలం బహుశా పాఠ్యపుస్తకాలలోని ‘స్పర్శశృంగాలు’. శృంగమంటే కొమ్ము కాబట్టి తేలిక తెలుగులోకి దించబోయి ‘కొమ్ములు’ అంటే, ఒక కొమ్మున్న పురుగుకు మూడు కొమ్ములు మొలుస్తాయి. బొద్దింకకూ రొయ్యకూ చెల్లిన ‘మీసాలు’ దీనికీ చెల్లుతుంది. కొమ్ము పురుగు మీసాలు పొట్టివి. వాటి చివర విచ్చుకొని ముడుచుకొనే మూడు పలుచని రేకులుంటాయి. ఏకవచన బహువచనాల పట్టింపు ఇక్కడ ఊరికే కాదు. ఆసియా ఉష్ణమండలంలోనూ ఉండే జైలోట్రూపీస్ అనే మరో కొమ్ము పురుగుల ప్రజాతిలో మగ పురుగుకు తలపై ఒకటి, తల వెనుక ఉరం పైన ఒకటి, కొసలు చీలిన రెండు కొమ్ములు ఉంటాయి. ఆడదానికి కొమ్మే ఉండదు. మన కొమ్ము పురుగుకు ఉరం పైన ముందువైపు ఒక పల్లం, ఆ పల్లం వెనుక అంచున రెండు చిన్న బుడిపెలు మాత్రమే ఉంటాయి. వాటిని కొమ్ములని రాస్తే చదివినవారు వేరే పురుగును ఊహించుకుంటారు.

‘కొమ్ముగలది మగది’ అని రాయడం కూడా ఈ పురుగు విషయంలో పొరపాటే. కొమ్ము రెండింటికీ ఉంటుంది. మగదానికి సాధారణంగా పొడవే కానీ, చిన్న మగ పురుగు కొమ్ము ఆడదాని కొమ్మంత పొట్టిగానూ ఉండవచ్చు. తిరగవేసి పొట్ట చివర చూడాలి: ఆడదానికి అక్కడ ఎర్రటి గోధుమ రంగు వెంట్రుకలు గుబురుగా ఉంటాయి, మగదానికి దాదాపు నున్నగా ఉంటుంది.

పెంటకుప్పల్లోనూ కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ చుట్టుకొని పడుకొనే తెల్లటి లావు పురుగును కూడా కొమ్ము పురుగు అనే అంటున్నారు. దానికి కొమ్ము లేదు, బతికిన చెట్టును అది తినదు. కనుక ‘కొమ్ము పురుగు చెట్టును తొలుస్తుంది’ అన్నచోట పెద్ద పురుగనీ, ‘పెంటకుప్పలో పెరుగుతుంది’ అన్నచోట పిల్ల పురుగనీ స్పష్టంగా రాయడం అవసరం. ఈ పిల్ల పురుగుకు ఆరు కాళ్లుంటాయి. ముక్కుపురుగు పిల్లకు కాళ్లే ఉండవు, అది చెట్టు లోపలే పెరుగుతుంది.