పెంకు కరిగేదాకా ఆగి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

పిల్లల కోసం నువ్వు గుడ్డు ప్రయోగం మీద రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. కానీ ప్రయోగం నువ్వు చేసి చూడలేదని మూడో పేరాకే తెలిసిపోయింది. వెనిగర్‌లో పెంకు కరగడాన్నే ద్రవాభిసరణం అన్నావు. అది రసాయన చర్య. పెంకులోని కాల్షియం కార్బొనేట్‌కి ఎసిటిక్ ఆమ్లం తగిలి కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేస్తాయి. ద్రవాభిసరణం అంటే పలచటి పొరలోంచి నీరు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి చేరడం. అది కనిపించేది పెంకు పోయాక మిగిలే పొర దగ్గర.

నేనూ తొలినాళ్లలో ఏదో చదివి 'ఒక్కరోజు నానితే చాలు' అని రాసేశాను. ఒక టీచరమ్మ ఉత్తరం రాశారు, పిల్లలు మర్నాడు తీస్తే పెంకు ఇంకా అంటుకునే ఉందని. ఆ రోజే వంటింట్లో గ్లాసు పెట్టాను. రెండు రోజులు పట్టింది, మధ్యలో వెనిగర్ మార్చాను. కుళాయి కింద వేలితో మెల్లగా రుద్దితే తెల్లటి మడ్డి జారిపోయింది. దీపానికి ఎదురుగా పడితే లోపల పచ్చసొన నీడలా కదిలింది. గుడ్డు అప్పటికే కాస్త పెద్దదైంది, వెనిగర్‌లో ఎక్కువ భాగం నీళ్లే కదా! ఈ ముక్క నీ వ్యాసంలో లేదు.

రెండు గుడ్లు తీసుకో. పెంకు పోయాక తూచి, ఒకటి మంచినీళ్లలో, ఒకటి చల్లారిన చిక్కటి పంచదార పాకంలో వెయ్యి. మర్నాడు మళ్లీ తూచు. నీళ్లలోది బిగిసి ఉబ్బుతుంది, పాకంలోది సొట్టలు పడి మెత్తబడుతుంది. 'పాకం నీటిని లాగేసింది' అని మాత్రం రాయకు. నీటి అణువులు పొరలోంచి అటూ ఇటూ పోతూనే ఉంటాయి, పంచదార అణువులు దూరలేవు. పాకంలో నీటి వంతు తక్కువ కాబట్టి లోపలికి వచ్చేదానికన్నా బయటికి పోయే నీరు ఎక్కువ. ఇక్కడ నాలుగు వాక్యాలు ఎక్కువైనా ఫర్వాలేదు.

ద్రవాభిసరణం అన్న మాటతో మొదలుపెట్టకు. మాగాయకి ముక్కలు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడోరోజుకి ఊట తేలుతుంది. చుక్క నీళ్లు పొయ్యకుండా అదెక్కణ్ణుంచి వచ్చిందని పిల్లల్ని అడుగు. చరిత్రలోనూ పేరుకన్నా చూడటమే ముందు. 1748లో ఫ్రాన్సులో నోలే అనే మతగురువు మద్యసారం ఉన్న పాత్రకు పంది మూత్రాశయం కట్టి నీళ్లలో ముంచి, ఆ పొర ఉబ్బడం చూశాడు. దానికి పేరు పుట్టింది తర్వాతి శతాబ్దంలో.

పచ్చిగుడ్డు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలనీ, ఆ గుడ్డు తినకూడదనీ తప్పక రాయి. ఈసారి తూకాలు రాసుకున్న కాగితం కూడా జతచేసి పంపు. గుడ్డు పగిలితే ఎన్నో రోజున, ఎలా పగిలిందో అదీ రాయి.