ఊరికే మాట్లాడి పంపేస్తామని తీసుకెళ్లారు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడ పప్పు డబ్బాలు పోయాయని ఆదివారం సాయంత్రం పోలీసులు వచ్చి, ఊరికే మాట్లాడి పంపేస్తామని తీసుకెళ్లారు. ఇవాళ మంగళవారం. అడిగితే అరెస్టు చెయ్యలేదంటారు, ఇంటికీ పంపరు. ఒప్పేసుకున్నాడని ఓనరు మనుషులు చెబుతున్నారు. ఊరి వాట్సాప్ గ్రూపులో దొంగ అని వాడి ఫోటో పెట్టారు. అమ్మను కూడా స్టేషన్‌కి రమ్మంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఒక కాగితం తీసుకుని తమ్ముడిని ఏ టైముకి, ఏ బండిలో తీసుకెళ్లారో, ఎవరెవరు చూశారో రాయండి.

‘అరెస్టు కాదు, ఊరికే కూర్చోబెట్టాం’ అనే మాటకు చట్టంలో చోటు లేదు. మనిషి తన ఇష్టంతో లేచి ఇంటికి రాలేకపోతే అది నిర్బంధమే. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. ఆదివారం పట్టుకుని, మంగళవారం బస్టాండులో దొరికాడని పోలీసులు మేజిస్ట్రేటుకు రాసిచ్చిన రిమాండు రిపోర్టులు నేను చూశాను. ఒక కేసులో ఆ తల్లికి గడియారం చూడటం రాదు. ‘సంఘం డబ్బులు కట్టి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో జీపు ఉంది’ అంది. సంఘం పుస్తకంలో ఆ రోజు తేదీ ఉంది. ఆమె మాట దాంతోనే నిలబడింది.

పనివాడు యజమాని సొత్తు దొంగిలించాడన్న నేరానికి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చెయ్యొద్దని, ముందు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. అరెస్టు తప్పదనుకుంటే కారణం రాసుకోవాలి, ఆ కారణాలు తమ్ముడికి రాతపూర్వకంగా ఇవ్వాలి, మీకు కబురు చెయ్యాలి. విచారణ మధ్యలో లాయరును కలిసే హక్కు వాడికి ఉంది.

ఒప్పేసుకున్నాడన్న మాటకు కుంగిపోకండి. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. వాడు చెప్పిన చోట సొత్తు దొరికితే, ఆ మేరకే లెక్కలోకి వస్తుంది. తెల్లకాగితం మీద మాత్రం మీరెవరూ సంతకం పెట్టొద్దు. డబ్బాల ఖరీదు కట్టేస్తే వదిలేస్తామంటే లాయరును అడగకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

అమ్మగారు స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు. సాక్షిగా ఆడవాళ్లను ఇంటి దగ్గరే విచారించాలి.

ఇవాళే శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. కస్టడీలో ఉన్నవారికి, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయరును ఇస్తారు. ఎస్పీ గారికి ఫిర్యాదు రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అయినా వదలకపోతే అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికించమని మేజిస్ట్రేటును అడగొచ్చు, మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వెయ్యొచ్చు.

గ్రూపులో ఆ ఫోటోను, పెట్టినవాళ్ల నంబరుతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. కోర్టు దోషి అని తేల్చేదాకా వాడిని దొంగ అనే హక్కు ఎవరికీ లేదు. పరువునష్టం కేసు తర్వాత చూద్దాం.

తమ్ముడిని కోర్టుకు తెచ్చే వేళకు మీరూ అక్కడ ఉండండి. కొట్టి ఉంటే చొక్కా విప్పి మేజిస్ట్రేటు గారికి చూపించాలి. చెబితే మళ్లీ కొడతామని బెదిరించి ఉండొచ్చు. అక్క ఎదురుగా కనిపిస్తే వాడికి నోరు పెగులుతుంది.