పబ్ బిల్లులో సర్వీస్ ఛార్జ్: కేసు భీమవరం నుంచే వేయవచ్చా?

ప్రశ్న: మాది భీమవరం. నలుగురు స్నేహితులం శని, ఆదివారాలు సరదాగా గడుపుదామని హైదరాబాద్ వెళ్లాం. శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లోని ఒక పబ్‌లో మనిషికి రూ.1,500 చొప్పున కవర్ ఛార్జ్ (ప్రవేశ రుసుము) తీసుకున్నారు. దాన్ని బిల్లులో తగ్గిస్తామని ముందే వాట్సాప్‌లో రాశారు, కానీ తగ్గించలేదు. పైగా ఆహారం రూ.4,000, మద్యం రూ.8,000 కాగా, మొత్తం మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. నీళ్ల సీసాకు కూడా ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నారు. అడిగితే అన్నీ మెనూ కార్డులో ఉన్నాయన్నారు. డబ్బంతా నేనే ఫోన్‌పేలో కట్టాను. దీనికోసం మళ్లీ హైదరాబాద్ చుట్టూ తిరగాలా? బిల్లు ఫొటో పంపుతున్నాను.

జవాబు: తిరగనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోట అధికార పరిధి ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేకపోవడంతో, ఊరు కాని ఊరిలో జరిగిన నష్టాన్ని చాలామంది అక్కడికక్కడే వదిలేసుకునేవారు.

సర్వీస్ ఛార్జ్ విషయానికి వస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వడం ఇవ్వకపోవడం పూర్తిగా వినియోగదారు ఇష్టమని స్పష్టంగా చెప్పాలి. వీటిని హోటళ్ల సంఘాలు సవాలు చేయగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న మార్గదర్శకాలను సమర్థించి, ఆ సంఘాలకు ఖర్చులు కూడా విధించింది. దానిపై అవి అదే హైకోర్టులోని డివిజన్ బెంచ్‌కు (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి) అప్పీలు చేసుకున్నాయి కాబట్టి అవతలి వకీలు ఆ మాట ఎత్తే అవకాశం ఉంది. ఏదేమైనా, మెనూ కార్డు అడుగున చిన్న అక్షరాలతో రాసినంత మాత్రాన అది తప్పనిసరి బాకీ అయిపోదు. మన భోజన హోటళ్లలో కొసరి కొసరి వడ్డించిన కుర్రాడి చేతిలో మనం ఇష్టంగా పెట్టే ఇరవై రూపాయలకూ, యజమాని తానే లెక్కకట్టి బిల్లులో వేసుకున్న పది శాతానికీ చట్టం దృష్టిలో పోలికే లేదు.

మీ బిల్లులో మీరు గమనించని అంశం మరొకటి ఉంది. జీఎస్టీ రూ.260 అని వేశారు. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు; రూ.4,000 ఆహారం మీద ఐదు శాతం రూ.200 మాత్రమే. మిగిలిన రూ.60 సర్వీస్ ఛార్జ్ మీద వేసిన పన్ను. సర్వీస్ ఛార్జ్‌ను ఆహారం బిల్లుతో కలిపి ఆ మొత్తంపై జీఎస్టీ వేయరాదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి ఈ పద్దు కింద మీరు అడగవలసింది రూ.1,200 కాదు, రూ.1,260.

కవర్ ఛార్జ్ వసూలు చేయడమే తప్పని వాదించవద్దు. ముందే తెలిసి ఒప్పుకుని లోపలికి వెళ్లారు. బిల్లులో తగ్గిస్తామన్న హామీని తప్పడమే ఇక్కడ సేవా లోపం. రూ.6,000కు సంబంధించిన ఈ అంశంలో మీకున్న బలమంతా ఆ వాట్సాప్ సందేశమే కనుక దాన్ని ఫోన్‌లో నుంచి తొలగించకండి. నీళ్ల సీసా సంగతి మాత్రం వదిలేయండి. హోటల్‌లో కూర్చోబెట్టి వడ్డించేటప్పుడు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తేల్చింది. నిలవని అభ్యర్థనను చేరిస్తే నిలిచేవి కూడా పలచబడతాయి.

ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఇంత చిన్న మొత్తాలు అక్కడే తేలిపోయే అవకాశం ఉంది. తేలకపోతే పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసును పబ్ బోర్డు మీది పేరుకు కాకుండా, బిల్లులో జీఎస్టీ నంబరు పక్కన ఉన్న సంస్థ పేరుకు పంపాలి. మీ ఫొటోలో ఆ రెండూ వేర్వేరుగా ఉన్నాయి. అసలు బిల్లు థర్మల్ కాగితం కాబట్టి అక్షరాలు వెలిసిపోకముందే జిరాక్స్ తీయించండి.

ఆ తరువాత వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం (సేవకు కట్టిన డబ్బు) ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, వీడియో ద్వారా విచారణ జరపమని కోరుతూ దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. డబ్బు కట్టింది మీరే కాబట్టి ఫిర్యాదుదారుగా మీ పేరు చాలు. మిగిలిన ముగ్గురిలో ఒకరి చేత అఫిడవిట్ ఇప్పించండి. రూ.7,260 వాపసుతో పాటు పరిహారాన్ని, ఖర్చులను విడివిడిగా కోరండి, కానీ ఒక రాత్రి బిల్లుకు లక్షల్లో పరిహారం అడిగితే కమిషన్ దాన్ని తేలికగా తీసుకుంటుంది. ఫిర్యాదుకు గడువు వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి, అంటే మీ విషయంలో బిల్లు కట్టిన తేదీ నుంచి, రెండేళ్లు.