పాపాయి మొదటి బొంతకు రంగులు, కుట్లు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పుట్టబోయే బిడ్డకు నీ చేత్తోనే బొంత కుడతానన్నావు. చాలా సంతోషంగా ఉంది. ఏ రంగులు తీసుకోవాలి, కుట్టు చేత్తో వేయాలా, మెషిన్ మీద వేయాలా అని అడిగావు. ఈ రెండూ తేల్చుకునే ముందు ఆ బొంత పడబోయే పాట్లు ఒక్కసారి ఊహించుకో. దాన్ని నేల మీద పరుస్తారు, ఈడుస్తారు, దాని మీద బిడ్డ పాలు కక్కుతుంది, వారంలో రెండు మూడుసార్లు ఉతకాల్సి వస్తుంది. అన్ని ఉతుకులకు ఆగని రంగూ వద్దు, ఆగని కుట్టూ వద్దు. నేను కింద రాసేదంతా దీన్ని బట్టే.

ముందు ముఖ్యమైన మాట. ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోయే చోట బొంత ఉంచకు. ముఖం మీద బట్ట పడితే తీసేసుకోవడం ఆ వయసు పిల్లలకు చేతకాదు. అందుకే పడక మీద దుప్పట్లు, దిండ్లు, బొంతలు లేకుండా చూడమని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతుంది. అప్పటిదాకా నేల మీద పరిచి, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఆడించడానికి వాడు. కప్పుకునే వయసు వచ్చేసరికి ఉతికి ఉతికి అది ఇంకా మెత్తబడి ఉంటుంది. పూసలు, గుండీలు, మెరుపు దారాలు ఏవీ దానికి తగిలించకు. నోట్లోకి పోయేది ఏదీ ఉండకూడదు.

ఇక రంగులు. పసిపిల్లల బొంత అనగానే అందరూ లేత గులాబీ, లేత నీలం అంటారు. అబ్బాయికి ఇది, అమ్మాయికి అది అనే లెక్క నాకు నచ్చదు. అప్పుడే పుట్టిన బిడ్డకు 8 నుంచి 12 అంగుళాల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అప్పట్లో చూపును పట్టి ఆపేది లేత, ముదురు మధ్య తేడా. ఐదో నెల వచ్చేసరికి రంగులు బాగానే తెలుస్తాయి. అన్నీ ఒకేలాంటి లేత రంగులతో కుట్టిన బొంత మనకు మురిపెంగా ఉంటుందేమో గానీ, బిడ్డ చూడటానికి అందులో ఏమీ ఉండదు. పైగా నాలుగు ఉతుకులకు వెలిసినట్టు కనిపిస్తుంది.

అందుకని ఎరుపా పచ్చా అనే ఆలోచన పక్కన పెట్టి, ముందు లేత ఏది, ముదురు ఏది అని వేరు చెయ్యి. గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపుకి మార్చి చూడు. కంటికి ఎంతో వేరుగా ఉన్న ఎరుపు, ఆకుపచ్చ అందులో ఒకే బూడిద రంగుగా కనిపించవచ్చు. అలా వస్తే ఆ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు కలిసిపోతాయి. పసుపు మాత్రం ఎంత గాఢంగా ఉన్నా లేత వరుసలోకే వస్తుంది, కన్ను ముందు దాని మీదికే పోతుంది. పసుపు ముక్కలు కొన్నే చాలు, అవీ ఒకే మూల చేరకుండా బొంతంతా చెదిరి ఉండాలి.

రంగులు ఎంచుకోవడం తెలియక టెన్షన్ పడుతుంటే దానికో సులువైన దారి ఉంది. నీకు బాగా నచ్చిన ప్రింటు గుడ్డ ఒకటి తీసుకో. చాలా ప్రింటు కాటన్ల అంచున, నేత పట్టీ మీద, చిన్న చిన్న రంగు చుక్కలు ఉంటాయి. ఆ ప్రింటులో వాడిన రంగులు అవే. వాటికి సరిపోయే మిగతా గుడ్డలు వెతుక్కుంటే ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో అన్న భయం ఉండదు. అన్నీ పెద్ద పూల ప్రింట్లే తీసుకోకు. పెద్ద పువ్వును 5 అంగుళాల ముక్కగా కోస్తే సగం రేకో, కాడో మిగులుతుంది. పెద్దవి ఒకటి రెండు, చిన్న చుక్కలు, సన్న గీతలు, కొన్ని ప్లెయిన్ గుడ్డలు కలుపు. లేత వాటికి తెల్లటి తెలుపు వద్దు, మరక వెంటనే తెలిసిపోతుంది. మీగడ రంగు మీద సన్నటి ప్రింటు ఉన్నది చూసుకో.

కొలత 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు పెట్టుకో. 5 అంగుళాల చదరాలు 80 కోయాలి. వరుసకు 8 చొప్పున 10 వరుసలు. కుట్టులోకి ఒక్కో వైపు పావు అంగుళం పోతే ఒక్కో చదరం నాలుగున్నర అంగుళాలు మిగులుతుంది. 40 లేతవి ఒకే గుడ్డలోంచి తియ్యి, 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అయితే ముప్పావు మీటరు చాలు. ముదురువి ఎనిమిది రకాలు, రకానికి ఐదు ముక్కలు. లేత, ముదురు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా చదరంగం గళ్ళలా పేర్చు. మొదటి బొంతకు ఇంతకన్నా కష్టమైన డిజైను అక్కర్లేదు.

కోయకముందే గుడ్డలన్నీ ఉతికి ఆరేసి ఇస్త్రీ చెయ్యి. కాటన్ మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది, అన్ని గుడ్డలూ ఒకే లెక్కన ముడుచుకోవు. ముదురు ఎరుపు, ముదురు నీలం విషయంలో మరీ జాగ్రత్త. తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడు. రంగు అంటితే మళ్ళీ ఉతుకు. రెండు మూడు ఉతుకుల తర్వాత కూడా అంటుతూనే ఉంటే ఎంత అందంగా ఉన్నా ఆ గుడ్డ ఈ బొంతకు పనికిరాదు. ఉప్పో వెనిగరో వేస్తే రంగు నిలుస్తుందని చెప్పేవాళ్ళుంటారు, ఇప్పటి అద్దకాలకు దాన్ని నమ్ముకోకు.

ముక్కలు అతికేది మెషిన్ మీదే కానివ్వు, గట్టిగా ఉంటుంది. అతుకులన్నీ ముదురు ముక్క వైపుకి మడిచి ఇస్త్రీ చెయ్యి. అప్పుడు లేత ముక్కలోంచి మడత కనపడదు. అంతేకాదు, గళ్ళ వరసలో ఇలా మడిస్తే పై వరుస అతుకు ఒకవైపు, కింది వరుస అతుకు ఇంకోవైపు తిరిగి, మూలలు వాటంతట అవే సరిగ్గా కూర్చుంటాయి.

బొంతకు మూడు పొరలు: పైన ఈ అతికిన ముక్కలు, అడుగున ఒక గుడ్డ, మధ్యలో మెత్తటి పొర. ఆ మధ్య పొరను బ్యాటింగ్ అంటారు, అది పల్చటి కాటన్‌ది తీసుకో. మందంగా ఉబ్బినట్టుండే పాలిస్టర్ చూడటానికి బాగుంటుంది గానీ, చేత్తో కుట్టడం కష్టం, త్వరగా ఆరడం తప్ప దాంతో సుఖం లేదు. కొనేటప్పుడు కవర్ మీద ఒక అంకె చూడు: మూడు పొరలనూ కలిపి వేసే కుట్టు గీతల మధ్య ఎంత దూరం ఉండొచ్చో అక్కడ రాసి ఉంటుంది. కొన్నిటికి 8, 10 అంగుళాలు, కొన్నిటికి అంతకన్నా చాలా తక్కువ. ఆ దూరం దాటితే ఉతికినప్పుడు లోపలి దూది కదిలి ఉండకడుతుంది. కుట్టు పద్ధతి నీ ఇష్టమే, కానీ ఈ అంకెకు లోబడి.

అన్నిటికన్నా తొందరగా అయ్యేది ముడుల పద్ధతి. మూడు పొరల్లోంచి దారం దించి తీసి, మూలమూలకీ గట్టి ముడి వేసి కత్తిరించడమే. పెద్ద పిల్లలకైతే నేనూ సరేనంటాను. పసిబిడ్డకు మాత్రం వద్దు. ముడి కొసలు లాగుతారు, చప్పరిస్తారు, ఊడితే మింగుతారు. మెషిన్ మీద వేయాలంటే మూడు పొరలనూ సమానంగా నడిపే వాకింగ్ ఫుట్, అంటే మెషిన్‌కు తగిలించే ప్రత్యేకమైన పాదం, ఉండాలి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల దాకా పెంచి, నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపుకి సూటి గీతలు వేసుకుంటూ పో. మామూలు ఫుట్‌తో వేస్తే పై గుడ్డ ముందుకు తోసుకొచ్చి ముడతలు పడుతుంది. గుడ్డను చేత్తో తిప్పుతూ వేసే వంకుల కుట్టు చూసి ఆశపడకు, దానికి చాలా సాధన కావాలి.

నన్నడిగితే చేత్తోనే కుట్టు. సన్నటి కుట్లు కాదు, లావు కాటన్ దారంతో పెద్ద పెద్ద రన్నింగ్ కుట్లు. బాగా చేయి తిరిగినవాళ్ళు అంగుళానికి ఎనిమిది పది కుట్లు వేస్తారు, నీకు నాలుగైదు చాలు. చిన్నగా రావాలని తాపత్రయపడకు, అన్నీ ఒకే పొడవు ఉండేలా చూసుకో, కంటికి తీరుగా కనపడేది అదే. పర్ల్ కాటన్ 8వ నంబరు దారం, దానికి తగ్గ కన్నం ఉన్న ఎంబ్రాయిడరీ సూది, సూది గుచ్చుకోకుండా మధ్యవేలికి తొడుక్కునే అంగుస్తాన, ఇవి తీసుకో. దారం 18 అంగుళాలకు మించి తీసుకోకు, చిక్కుపడుతుంది. ప్రతి అతుకుకూ అటు అర అంగుళం, ఇటు అర అంగుళం వదిలి అడ్డంగా, నిలువుగా గీతలు వెయ్యి. అతుకు మడత మందం మీద సూది తక్కువగా పడుతుంది, మధ్యలో కుట్టులేని జాగా మూడున్నర అంగుళాలే మిగులుతుంది. పెన్సిల్ గీతలు అక్కర్లేదు, మాస్కింగ్ టేపు అంటించి దాని అంచు వెంట కుట్టు. రాత్రంతా అలాగే వదిలేయకు, జిగురు అంటుతుంది.

కుట్టు కనపడాలా, దాగాలా అనేది గుడ్డను బట్టి ఉంటుంది. అమెరికాలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ వాళ్ళ పాత బొంతలు చూడు, ప్రింటు లేని ముదురు గుడ్డలు, అందుకే వాళ్ళ కుట్టు పనితనం అంతా పైకి కనిపిస్తుంది. ప్రింటు గుడ్డ కుట్టును దాచేస్తుంది. నీ చేయి ఇంకా కుదరలేదు కాబట్టి అడుగు గుడ్డ ప్రింటుదే వెయ్యి, వెనక వైపు వంకర కుట్లు ఎవరికీ తెలియవు.

కుట్టు మొదలుపెట్టే ముందు మూడు పొరలూ కదలకుండా పిన్నీసులు పెట్టాలి. అడుగు గుడ్డ, బ్యాటింగ్ పైదానికన్నా నాలుగు వైపులా 2 అంగుళాలు ఎక్కువ ఉంచు. అడుగు గుడ్డను నేల మీద ముడత లేకుండా పరిచి అంచులు టేపుతో బిగించి, పైన మిగతావి వేసి, అరచేతి వెడల్పుకి ఒక పిన్నీసు చొప్పున గుచ్చు. ఎన్ని పెట్టావో కాగితం మీద రాసుకుని, తీసేశాక లెక్క సరిచూసుకో. పసిబిడ్డ ఆడుకునే బట్టలో ఒక్క పిన్నీసు కూడా మిగలకూడదు.

చివర అంచు పట్టీ. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఐదు కోసి, కలిపి, నిలువునా సగానికి మడిచి వెయ్యి. అన్నిటికన్నా ముందు చిరిగేది అంచే, అందుకే రెండు పొరల మడత కావాలి. దానికి ముదురు రంగు గుడ్డ తీసుకో, బిడ్డ పట్టుకు తిరిగేది ఆ అంచునే. బిడ్డ పుట్టాక పేరు, తేదీ వెనక ఒక మూల దారంతో కుట్టు.

బ్యాటింగ్ కొన్నాక కవర్ మీద ఏమని రాసి ఉందో ఫోటో తీసి పంపు. నేను చెప్పిన దూరాలు దానికి సరిపోతాయో లేదో చూసి చెబుతాను. సరిపోకపోతే చదరం మధ్యలో ఇంకో గీత వేస్తే సరి.

ఇట్లు,
నీ పెద్దమ్మ