స్పెయిన్ హ్యాండ్‌బాల్ ప్లేయర్ రావుల్ ఎంత్రెర్రియోస్ కెరీర్ ఎలా సాగింది?

రావుల్ 1981లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పుట్టాడు, ఆడేది సెంటర్ బ్యాక్, అంటే టీమ్ అటాక్ మొత్తాన్ని నడిపించే పొజిషన్. ముందు అదెమార్ లియోన్, తర్వాత వయ్యాదొలిద్ క్లబ్బులకి ఆడి 2010లో బార్సిలోనా హ్యాండ్‌బాల్ టీమ్‌కి వచ్చాడు, ఇంక రిటైరయ్యేదాకా 11 ఏళ్ళు అక్కడే. ఆ క్లబ్‌తో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ హ్యాండ్‌బాల్ క్లబ్బుల పెద్ద టోర్నీ) మూడుసార్లు గెలిచాడు (2011, 2015, 2021).

నేషనల్ టీమ్ సంగతికొస్తే, 2013 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ బార్సిలోనాలోనే జరిగింది, డెన్మార్క్‌ని 35-19తో చిత్తు చేశారు, ఆ టీమ్‌లో వాళ్ళన్నయ్య అల్బెర్తో కూడా ఉన్నాడు, అన్నదమ్ములిద్దరూ కలిసి సొంత దేశంలో వరల్డ్ కప్పు ఎత్తడం అంటే మామూలు విషయం కాదండీ. తర్వాత 2018, 2020లో వరసగా రెండు యూరోపియన్ టైటిల్స్.

నాకు బాగా నచ్చేది మాత్రం ముగింపే. 2021లో 40 ఏళ్ళ వయసులో, జూన్‌లో డెన్మార్క్ క్లబ్ ఆల్‌బోర్గ్‌ని 36-23తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కొట్టాడు, ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో ఈజిప్ట్ మీద 33-31తో గెలిచి కాంస్యం తెచ్చుకున్నాడు (2008 బీజింగ్‌లో కూడా కాంస్యమే), అదే ఆయన ఆఖరి మ్యాచ్.